ఇద్దరే - రెండు రోజులు

"వెళ్ళేది ఎవరెవరు?"

మన ఇళ్ళల్లో ఏ ప్రయాణానికైనా మొదటి ప్రశ్న ఇదే. ఎక్కడికి, ఎందుకు అన్నవి ఆ తర్వాత. పెళ్ళికైతే పదిమంది, తిరుపతికైతే పదిహేనుమంది. "మేమిద్దరమే" అని జవాబు చెప్పుకునే యోగం దంపతులకు పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి వస్తుంది. ఇరవై ఏళ్ళు పోయాక అదే మాట అంటే వినేవాళ్ళు మనవంక అదోలా చూస్తారు. "ఎవరికైనా ఒంట్లో బాగా లేదా?" అని నెమ్మదిగా అడుగుతారు. ఆస్పత్రికి తప్ప మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఎక్కడికి వెళ్తారు గనక అని వాళ్ళ సందేహం!

ఈమధ్య మా కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి నన్నొక సలహా అడిగింది. ఆమెకు పెళ్ళయి ఆరునెలలు. "మేడమ్, ఫ్రాన్సులో ద్రాక్షతోటల మధ్య పల్లెటూళ్ళు వుంటాయట. శని ఆదివారాలు దంపతులు అక్కడికి పోయి, తోటల్లో తిరిగి, తీరిగ్గా భోంచేసి వస్తారట. మన దేశంలో నాసిక్ దగ్గర కూడా అలాంటివి వున్నాయంటున్నారు. రెండు రోజుల సెలవులో అంత దూరం పోయి రావడం ఎలా? దగ్గర్లో అలాంటి చోటు ఏదైనా చెప్పండి" అంది.

నేను కాసేపు ఆలోచించాను. ఆ ద్రాక్షసీమలో అసలు వుండేదేమిటి? కాస్త ఎత్తుపల్లాల నేల. నీడగా తోటలు. తియ్యగా పుట్టి, పులిసి, ఇంకొకటిగా మారే ఒక రసం. పక్కనే ఏదో పాత కాలపు కట్టడం. తొందర లేని భోజనం. అన్నిటికన్నా ముఖ్యంగా, మనల్ని ఎరిగిన మొహం ఒక్కటీ కనపడకపోవడం. ఇవన్నీ కావాలంటే ఫ్రాన్సు దాకా పోనక్కరలేదు. ఏలూరులో బస్సెక్కి కామవరపుకోటలో దిగితే చాలు.

ఆ మాటే చెప్పాను. ఒక కాగితం మీద దారి కూడా గీసి ఇచ్చాను. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. నేను తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూండగా తట్టింది - నేను చెప్పిన చోట్లన్నీ నేను చూసినవే. కాలేజీ పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్ళి చూశాను. బంధువులను వెంటబెట్టుకుని చూశాను. మావారితో ఒక్కచోటూ చూడలేదు. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు.

అత్తయ్యగారు చెప్పిన మాట

వెళ్దామని మావారు వెంటనే ఒప్పుకున్నారు. చిక్కల్లా అత్తయ్యగారితో చెప్పడమే. అబ్బాయి హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఇంట్లో ఆవిడ ఒక్కరే వుండాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పనమ్మాయి రాత్రి తోడు పడుకుంటానంది గాని, "మేమిద్దరం సరదాగా తిరిగి వస్తాం" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "గుంటుపల్లి గుహల మీద ఒక వ్యాసం రాయాలండీ, కాలేజీ పని. ఆయన తోడు వస్తున్నారు" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. తలెత్తకుండానే, "ఆ చెప్పేదేదో నిజమే చెప్పకూడదుటే?" అన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆవిడ నవ్వి, కాస్సేపాగి ఇంకో మాట అన్నారు.

"మీ మామగారూ నేనూ ఇద్దరమే కలిసి చేసిన ప్రయాణం ఒక్కటేనమ్మా. ఆస్పత్రికి. వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వచ్చాను. వెళ్ళి రండి."

ఈ వ్యాసానికి ఆ మాటే కారణం. కనుక అత్తయ్యగారితో నేను చెప్పింది కూడా చివరికి అబద్ధం కాకుండా పోయింది.

కాగితం మీది ప్రయాణం

మావారు ఆఫీసు మనిషి. ఏదైనా గళ్ళు గీసి రాసుకుంటే తప్ప ఆయనకు తోచదు. శనివారం పొద్దున రైలు మొదలు ఆదివారం రాత్రి రైలు దాకా, రెండు రోజుల్లో పదకొండు చోట్లు చూసేట్లు జాబితా వేశారు. ఏలూరు తివాచీలు నేసే చోటు ఒకటి, పెదవేగి తవ్వకాలు ఒకటి, కోకోతోట, గుహలు, ద్వారకా తిరుమల, కొల్లేరు - ఒక్కొక్కదానికీ ఎదురుగా నిమిషాలతో సహా కాలం వేశారు. "మాట్లాడుకోవడానికెప్పుడు?" అని అడిగాను. ఆయన జాబితాను పైనుంచి కిందికి చూసి, "బస్సులో" అన్నారు.

మేము ఎంచుకున్నది మార్గశిరమాసం. మెట్టసీమను చూడడానికి అంతకంటే మంచి కాలం లేదు. ఎండ వుంటుంది గాని పొడవదు. వానలకు తడిసిన నేల పచ్చగా వుంటుంది. కొల్లేటిలో పక్షులు గూళ్ళు కట్టే వేళ. ఎండాకాలం వెళ్తే తాటిముంజెలు దొరుకుతాయి, నిజమే. కాని మిట్టమధ్యాహ్నం కొండ మెట్లు ఎక్కేవారికి ప్రేమ కబుర్లు గుర్తుండవు.

ఏలూరు దాకా కోస్తా నేల చదునుగా వుంటుంది. కాలువలు, వరిచేలు. కృష్ణ కాలువా గోదావరి కాలువా వచ్చి కలిసేది ఆ వూళ్ళోనే. ఏలూరు దాటి ఉత్తరానికి తిరిగేసరికి నేల రంగే మారుతుంది. ఎర్రమట్టి, చిన్న చిన్న దిబ్బలు, జీడిమామిడి, మొక్కజొన్న, నిమ్మతోటలు, వాటి మధ్య బారులు తీరిన పామాయిల్ చెట్లు. పది పన్నెండు కిలోమీటర్లలో పెదవేగి వస్తుంది. ఇప్పుడది పామాయిల్ పరిశోధన సంస్థ వున్న పల్లె. ఒకప్పుడు వేంగీ నగరం అదే. శాలంకాయనులకు అది రాజధాని. 7వ శతాబ్దంలో వచ్చిన తూర్పు చాళుక్యులు ఏలిన నేలకు వేంగీదేశమన్న పేరు వచ్చింది దాన్నుంచే. రాజధాని రాజమహేంద్రవరానికి తరలిపోయినా పేరు మాత్రం నిలిచింది. ఇప్పుడు ఆ వీథిలో నడుస్తుంటే గడ్డివాములూ, గేదెలూ తప్ప సింహాసనాల జాడ కనపడదు. కాని కొత్త దంపతులకు చూపించవలసిన చోటే. రాజ్యాలే మిగలనప్పుడు, పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర వచ్చిన పంతాలెంత?

ఇక దారి పొడుగునా గట్లమీద నిలబడి కనిపించేవి తాడిచెట్లు. ఫ్రాన్సుకు ద్రాక్ష ఎలాగో ఈ సీమకు తాడి, ఈత అలాగు. చలికాలం ఈతచెట్టు, ఎండలు ముదిరేకొద్దీ తాడిచెట్టు గీస్తారు. నడుముకు మోకు వేసుకుని గీతకార్మికుడు చెట్టెక్కుతాడు. తాడికైతే పూగెల చివర, ఈతకైతే మువ్వ కింద మానును పదునైన కత్తితో పలుచగా చెక్కి ముంత కడతాడు. రాత్రంతా బొట్టు బొట్టుగా రసం దిగుతుంది. దిగేటప్పుడు అది వుట్టి తియ్యటి నీళ్ళు. ముంత లోపల సున్నం పూస్తే తీపి తీపిగానే వుండి నీరా అవుతుంది. కాచి దగ్గరపెడితే బెల్లమవుతుంది. సున్నం లేకపోతే గాలిలోనూ ముంతలోనూ వున్న ఈస్టు పనిచేసి గంటల్లో పులుస్తుంది. అదే కల్లు. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. ద్రాక్షరసంలాగా ఏళ్ళ తరబడి దాచుకోవడానికి లేదు. ఏ పూటది ఆ పూటే. మేము దాన్ని రుచి చూడలేదు. చూసినా ఈ పత్రికలో చెప్పను!

కోకోతోటలో ఒక పాఠం

తడికలపూడి, కామవరపుకోట ప్రాంతాల్లో కొబ్బరి నీడన, పామాయిల్ నీడన కోకో వేస్తారు. దేశంలో కోకో పంట ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. అందులోనూ ఏలూరు చుట్టుపక్కల మెట్టతోటలది పెద్ద పాలు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు అక్కడ తండ్రితోపాటు సేద్యం చేస్తున్నాడు. "రండి మేడమ్, సారుని కూడా తీసుకురండి" అని ఎన్నాళ్ళనుంచో పిలుస్తున్నాడు.

కోకోతోటలోకి అడుగు పెడితే కళ్ళు చీకట్లకు అలవాటు పడాలి. పైన కొబ్బరి మట్టలు, కింద కోకో ఆకులు, కాళ్ళ కింద ఎండాకుల మెత్త. కాయలు కొమ్మల చివర కాయవు. పనసకాయల్లాగా మానుకే అతుక్కుని కాస్తాయి, పసుపుపచ్చనివి, ఎర్రనివి. కుర్రాడొక కాయ కొట్టి ఇచ్చాడు. లోపల గింజల చుట్టూ తెల్లని గుజ్జు. నోట్లో వేసుకుంటే సీతాఫలానికి నిమ్మరసం పిండినట్లుంది. చాకొలెట్ వాసన ఇసుమంతైనా లేదు. అనుమానంగా చూశాను.

"ఇప్పుడే ఎక్కడొస్తుంది మేడమ్, పులియాలి గదా!" అన్నాడు వాళ్ళ నాన్న.

ఆయన చెప్పిందిది. గింజల్ని గుజ్జుతో సహా అరటాకులు పరిచిన పెట్టెల్లో పోసి, పైన మళ్ళీ ఆకులు కప్పుతారు. గుజ్జులోని తీపి మొదట కల్లుకుమల్లే సారా అవుతుంది, తర్వాత వినిగర్ అవుతుంది. ఆ రగులుడుకు లోపలి వేడి 45, 50 డిగ్రీల దాకా పోతుంది. గింజలోని మొలక చచ్చిపోతుంది. చేదు తగ్గుతుంది. చాకొలెట్ పరిమళానికి పునాది పడేది అప్పుడే. ఐదారు రోజులు అలా వుంచి, తర్వాత వారం రోజులు ఎండబెడతారు. పులియబెట్టకుండా ఎండబోసిన గింజ నుంచి ఎంత వేపినా ఆ పరిమళం రాదు.

"మధ్యలో కదపరా?" అని అడిగారు మావారు.

"రెండు రోజులకోసారి తిరగెయ్యాలండి. తిరగెయ్యకపోతే అడుగునున్నవి పాడైపోతాయి, పైనున్నవి పచ్చిగా వుండిపోతాయి. అలాగని అస్తమానం మూత తీసి చూడకూడదు. వేడి పోతుంది."

ఆ మాట అప్పుడు కోకో సంగతిగానే విన్నాను.

వాళ్ళింట్లోనే భోజనం. ముద్దపప్పు, వంకాయకూర, గోంగూర, గడ్డపెరుగు. తొందర పెట్టేవాళ్ళు లేరు. మావారి జాబితా ప్రకారం మేము అప్పటికి రెండు గంటలు ఆలస్యం. ఆయన చేతి గడియారం చూసుకుని, జేబులోంచి కాగితం తీసి, రెండు చోట్లు కొట్టేశారు. ఆ ప్రయాణంలో ఆయన చేసిన మొదటి మంచిపని అది.

సన్యాసులు చెక్కిన గుహల్లో

కామవరపుకోట నుంచి సుమారు 10 కిలోమీటర్లు పోతే జీలకర్రగూడెం. ఆ పల్లె పక్క కొండమీదే గుంటుపల్లి బౌద్ధారామం. మెట్లున్నాయి. అరవై దాటినవారు కూడా ఆగి ఆగి ఎక్కవచ్చు. పురావస్తు శాఖవారి రక్షణలో వున్న చోటు గనక శుభ్రంగా వుంటుంది. తినుబండారాలు మాత్రం పైన దొరకవు. నీళ్ళు వెంట వుండాలి.

క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం నాడు బౌద్ధ భిక్షువులు ఇక్కడ కొండను తొలిచి నివాసాలు చేసుకున్నారు. వానాకాలం దేశసంచారం కుదరదు గనక ఒకచోట వుండడానికి విహారాలు, కొలుచుకోవడానికి చైత్యం. ఆ చైత్యగృహం గుండ్రంగా వుంటుంది. మధ్యలో రాతినే స్తూపంగా మలిచారు. తలెత్తి చూస్తే పైకప్పుకు వాసాలూ దూలాలూ! రాతికి వాసాలెందుకు? అంతకుముందు కట్టెతో కట్టుకున్న గుండ్రటి ఇళ్ళు వాళ్ళ కళ్ళల్లో వున్నాయి. రాయిని తొలిచేటప్పుడు కూడా కట్టె ఇల్లే చెక్కారు. వదిలి వచ్చిన ఇంటిని మరిచిపోవడం సన్యాసులకు కూడా అంత సులువు కాదు కాబోలు. కాలం మారాక ఆ స్తూపాన్నే ధర్మలింగేశ్వరుడని చుట్టుపక్కల పల్లెలవారు కొలిచారు. కొండమీద ఇటుక చైత్యాల పునాదులు, వరుసలుగా మొక్కుబడి స్తూపాలు వున్నాయి.

అక్కడ రాతి మండపపు స్తంభాల మీద ప్రాకృత శాసనం ఒకటి వుంది. మహామేఘవాహన వంశపు సిరిసద మహారాజు దగ్గర లేఖకుడిగా వుండిన చులగోముడు ఆ మండపం దానం చేశాడని దాని సారాంశం. లేఖకుడంటే మన భాషలో గుమాస్తా. నేను ఆ సంగతి చెప్పగానే మావారి మొహం వెలిగిపోయింది. రాజులు కట్టించిన గుళ్ళు ఎన్ని చూపించినా ఆయనకింత సంతోషం కలగలేదు.

"గుమాస్తా మండపం కట్టించాడా! ఆ ఏడు ప్రమోషన్ వచ్చి వుంటుంది" అన్నారు. కాసేపాగి, "ప్రమోషనంటే గుర్తొచ్చింది. కిందటేడు నాకూ వచ్చిందిలే. విశాఖపట్నం. వద్దని రాసిచ్చేశాను" అన్నారు.

నేను మెట్టుమీద కూర్చుండిపోయాను.

"నాతో చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. ఆ రోజు అమ్మకు జ్వరం. మర్నాడు నీకు పరీక్ష పేపర్లు వచ్చాయి. ఆ తర్వాత వాడి ఫీజుల గొడవ. ఇక పాతబడిపోయింది."

ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్క కంచంలో తింటూ, ఏడాది పాటు మా ఇద్దరికీ ఆ ఒక్క మాటకు తీరిక దొరకలేదు! పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. ఆయన ప్రమోషన్ వదులుకున్నారని కాదు నా బాధ. నా వుద్యోగం కోసం, తల్లికోసం వదులుకున్నారు. అది నాకు తెలుసు. కాని నేనేమంటానో నన్నడగకుండానే ఆయన అనేసుకున్నారు. అడిగితే నేను "వెళ్దాం" అందునేమో. "రెండేళ్ళు మీరక్కడ, నేనిక్కడ" అందునేమో. "వద్దు" అనే అందునేమో. ఆ మాట నాది. నా బదులు ఆయన చెప్పేశారు. నేను ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన జవాబు చెప్పలేదు. కింద తాడిచెట్ల నీడలు పొడుగవుతున్నాయి. చాలాసేపు ఇద్దరం వూరికే కూర్చున్నాం.

తిరగెయ్యకపోతే అడుగునున్నవి పాడైపోతాయని కోకో రైతు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

సంసారం వదిలేసిన వాళ్ళ గుహల ముందు కూర్చుని సంసారం గురించి పోట్లాడుకున్నవాళ్ళం మేమే మొదటివాళ్ళం కాకపోవచ్చు. కాని ఒక మాట చెబుతాను. అదే పోట్లాట ఇంట్లో వచ్చి వుంటే, మధ్యలో కుక్కరు కూత పెట్టేది, ఫోను మోగేది, పాలవాడు వచ్చేవాడు. మాట అక్కడికక్కడే ఆగిపోయి లోపల వుండిపోయేది. కొండమీద ఆపేవాళ్ళెవరూ లేరు. కనుక అది చివరిదాకా వెళ్ళి, తనంతట తానే చల్లబడింది.

ఏటా రెండు పెళ్ళిళ్ళు

రాత్రి బస ద్వారకా తిరుమల. చిన్నతిరుపతి అంటారు గదా. కామవరపుకోట నుంచి గంటలోపు ప్రయాణం. దేవస్థానం వారి వసతి గదులున్నాయి. శని ఆదివారాల్లో రద్దీ ఎక్కువ గనక ముందే చెప్పుకుని వుంచుకోవాలి. "రొమాన్సు కోసం వెళ్ళి సత్రంలో పడుకున్నారా?" అని మా కాలేజీ అమ్మాయి నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఇద్దరు మనుషులు తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి సత్రం గది చాలు.

ఆ స్వామి సంగతి దంపతులు తెలుసుకోదగ్గది. గర్భగుడిలో ఇద్దరు వేంకటేశ్వరులు వుంటారు. ఒకరిది నిండు విగ్రహం, ఇంకొకరిది నడుము పైభాగం మాత్రమే కనిపిస్తుంది. మూలమూర్తులు ఇద్దరు గనక కల్యాణోత్సవాలు కూడా ఏటా రెండుసార్లు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. స్వామివారికే ఆర్నెల్లకోసారి పెళ్ళి అవసరమైనప్పుడు, మామూలు మనుషులం, ఇరవై ఏళ్ళ క్రితం కట్టిన మూడుముళ్ళమీదే నెట్టుకొస్తామంటే ఎలా?

ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన ఆఫీసులో ఎవరితో పడదో నాకు తెలిసింది. రిటైరయ్యాక వూళ్ళో వుండాలని నేననుకుంటున్నట్లు ఆయనకు తెలిసింది. మళ్ళీ ప్రమోషన్ పిలుపు వస్తే ఇంట్లో అందరితో చెప్పి తేల్చుకోవాలని ఒప్పందమైంది. ఫోన్లు రెండూ సంచీలో వున్నాయి. రాత్రి ఎనిమిదింటికి ఒకసారి ఇంటికి మాట్లాడి ఆపేశాం. ఈ నియమం ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు పూర్తిగా ఆపెయ్యడం మాత్రం తగదు.

పెదవి కదపని కథ

ఆదివారం దర్శనం చేసుకుని, ఏలూరు వచ్చి, కైకలూరు దారి పట్టాం. ఆ రోడ్డు కొల్లేటి మధ్యనుంచి పోతుంది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ళు వచ్చి పడతాయి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకుపోతుంది. చెరువులు తవ్వి చేపలు పెంచడం పెరిగిపోయాక సరస్సు చిక్కిపోయింది. 1999లో దీన్ని అభయారణ్యం చేశారు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించారు. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకూ, దానిమీద బతికే వూళ్ళకూ మధ్య తగువు ఇంకా పూర్తిగా తీరలేదు. కలిసి బతకవలసిన ఇద్దరి తగువు అంత త్వరగా తీరదు గదా.

కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం. పడవ మీద తిప్పుతారు. పెలికన్ పక్షులు, మనవాళ్ళు గూడబాతులంటారు, నీళ్ళల్లో నిలబెట్టిన ఇనప మంచెల మీద గూళ్ళు కట్టుకుని వుంటాయి. చెట్లు చాలకపోతే అటవీశాఖవారు ఆ మంచెలు వేయించారు. వాటి కాపురం చూడముచ్చటగా వుంటుంది. ఆడదీ మగదీ వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి, వంతులవారీగా పిల్లలకు చేపలు తెచ్చి పెడతాయి. "చూశారా?" అన్నాను. "చూశాను. రేపటినుంచి కాఫీ నాది" అన్నారు మావారు.

పడవలో ఆయనకొక కథ చెప్పాను. దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడి కథ వుంది. కళింగ రాజకుమారి కనకలేఖను ఆంధ్రరాజు చెరబడతాడు. మంత్రగుప్తుడు సన్యాసి వేషంతో వచ్చి, ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఎత్తు పన్ని, రాజును తుదముట్టించి ఆమెను చేపడతాడు. ఆ సరస్సు మన కొల్లేరేనని కొందరు పండితుల అభిప్రాయం. విశేషమేమంటే, ప్రియురాలి పంటిగాటుకు పెదవి నొప్పిగా వుందని ఆ కథానాయకుడు ప, బ, మ వంటి పెదవులు కలిసే అక్షరాలు ఒక్కటీ లేకుండా కథంతా చెబుతాడు. 13వ శతాబ్దంలో కేతన ఈ కావ్యాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు.

"నేనూ అలా మాట్లాడతాను చూడు" అని మావారు మొదలుపెట్టారు. రెండు మాటలకే ఓడిపోయారు. అమ్మ, అబ్బాయి, పప్పు, బియ్యం, ఫీజు, ప్రమోషన్ - మా సంసారంలో మాటలన్నీ పెదవులు కలిస్తే తప్ప పలకనివే! పడవవాడు కూడా నవ్వాడు. మేమిద్దరం అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో నేను లెక్కపెట్టదలచుకోలేదు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

రెండు రోజులకు నాలుగు చోట్లు చాలు. జాబితా రాసుకోండి, రాసుకున్నాక సగం కొట్టెయ్యండి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచికాలం. ఏలూరు దాకా రైలు, అక్కడినుంచి జంగారెడ్డిగూడెం వైపు బస్సు. గుంటుపల్లి, కొల్లేరు దారుల్లో మాత్రం ఆటోనో కారో మాట్లాడుకుంటే నయం. గుహలకు మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకోండి. గట్టి చెప్పులు, నీళ్ళ సీసా, ఒక దుప్పటి. తోటలోకి యజమానిని అడగకుండా పోవద్దు. అడిగితే కాదనేవారు ఆ సీమలో అరుదు. ఇంట్లో పెద్దవాళ్ళతో నిజం చెప్పి వెళ్ళండి. వాళ్ళకు ముందే తెలుసు.

ఇంకొక్కటి. రెండు రోజుల్లో ఒక పోట్లాట వస్తే ప్రయాణం పాడైందనుకోకండి.

ఏలూరులో తేగలు, తాటిబెల్లం కొనుక్కుని రాత్రి పదింటికి ఇల్లు చేరాం. అత్తయ్యగారు మేలుకునే వున్నారు. ఏమేం చూశారని అడగలేదు. తేగ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏం మాట్లాడుకున్నార్రా?" అని అడిగారు.

మావారు ప్రమోషన్ సంగతి చెప్పారు. "నువ్వు వూరు కదలవని నేనే వద్దన్నానమ్మా" అన్నారు.

ఆవిడ తేగ చీలుస్తున్నదల్లా ఆగి కొడుకు వంక చూశారు.

"నేను రానని నీతో ఎవరు చెప్పార్రా? అక్కడ సముద్రం వుంటుందిట గదా. నేనింతవరకూ చూడనే లేదు."